ఆరో ముద్దాయి అకామా

కువైట్ ప్రభుత్వానికి కుళ్ళాయిరెడ్డిగారు ఉగాది దాకా గడువిచ్చారు.

జమ్మలమడుగులో తమ స్వగృహం మేడమీద, ఏడుగురు విలేకరుల సమక్షంలో, ఉప్మా కాఫీల అనంతరం ఈ గడువు వెలువడింది. కడప జిల్లా బిడ్డలు ఎడారిలో చెమటోడ్చి పనిచేస్తుంటే అక్కడి కంపెనీలు వాళ్ళ అకామాలు రెన్యువల్ చెయ్యకుండా, సగం జీతానికొచ్చే ఇంకో దేశం మనుషుల్ని దించుకుంటున్నాయని రెడ్డిగారికి తెలిసింది. తెలిసిన రాత్రి ఆయన భోజనం చెయ్యలేదట. ఫలహారం చేశారు.

"పదైదేండ్లు నమ్ముకోని చేసినోన్ని ఒక్క కాయితంతో పొమ్మంటారా? వాడు మనిషా, చెప్పుకింద దుమ్మా?" అని ఆయన గద్గదస్వరంతో అడిగినప్పుడు ఒక విలేకరి కళ్ళు తుడుచుకున్నాడు. అతనికి కళ్ళకలక అని తర్వాత తెలిసింది.

అకామా అంటే ఏమిటని కొత్తగా వచ్చిన విలేకరి ఒకడు అడిగాడు. రెడ్డిగారు ఓపిగ్గా చెప్పారు. "ఆడ ఉండేదానికి పర్మిషనప్పా. ఏడాదికోసారి యజమాని సంతకం పెట్టల్ల. పెట్టకపోతే విమానమెక్కల్సిందే."

"ఉగాదిలోగా వాళ్ళు దిగిరాకపోతే?"

"నిరాహారదీక్ష చేస్తా."

"ఆమరణమాండీ?"

"ఒకరోజు. ఎండలు తగ్గినాంక."

తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ కొండయ్యకు ఈ మాటలు వింటుంటే గుండె ఉప్పొంగింది. సముద్రం అవతల ఎవరి ఉద్యోగమో పోతే ఇక్కడ ఇంత బాధపడే మనిషి తన యజమాని అయినందుకు ఆయన గర్వపడ్డాడు. కొండయ్య రెడ్డిగారి దగ్గర ఆరో ముద్దాయిగా పనిచేస్తున్నాడు.

ఈ ఉద్యోగం గురించి తెలియని జిల్లాల వాళ్ళకు కొంచెం చెప్పాలి. ఆ ప్రాంతంలో ఎవరినైనా చంపడం జరిగితే, చంపినవాళ్ళను పోలీసులకు అప్పజెప్పేటంత తెలివితక్కువ నాయకులు ఎవరూ లేరు. చంపినవాళ్ళతో మళ్ళీ పనుంటుంది. అందుకని చంపనివాళ్ళ పేర్లు కొన్ని ఇస్తారు. వాళ్ళు లొంగిపోతారు, బెయిలు మీద వస్తారు, ఏళ్ళ తరబడి కోర్టు వాయిదాలకు తిరుగుతారు, చివరికి సాక్ష్యం లేక బయటపడతారు. ఈ తిరగడమే ఉద్యోగం. రాళ్ళకుంటపల్లెలో గొర్రెలు కాసుకునే కొండయ్య ఈ సర్వీసులో చేరి పదిహేడేళ్ళయింది. మొదటి హత్య జరిగిన రోజు ఆయన కమలాపురంలో పొట్టేళ్ళు అమ్ముతున్నాడు. రెండో హత్యప్పుడు పచ్చకామెర్లతో అత్తగారింట్లో మంచం మీద ఉన్నాడు. మూడోది ఎవరిదో ఆయనకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఆ మూడూ కొట్టేశారు. ఇప్పుడు నడుస్తున్నది నాలుగోది. పులివెందుల రోడ్డు మీద జీపులో పోతున్న ఇద్దరి మీద బాంబులు పడ్డాయి. ఆ పొద్దు కొండయ్య బ్రహ్మంగారిమఠంలో గుండు గీయించుకుంటున్నాడు.

ఆ పక్క జీతగాళ్ళను ఉగాదికి ఏడాదికని కుదుర్చుకుంటారు. యజమాని చేతిలో ఆకు, వక్క పెడితే ఇంకో ఏడాది ఉన్నట్టు. పెట్టకపోతే చాలించుకున్నట్టు. ముద్దాయిలకూ అదే పద్ధతి. కొండయ్యకు ఆ ఆకువక్కతో బియ్యం వచ్చేవి, గొర్రెలకు మేత వచ్చేది, భార్య చిన్నసుబ్బమ్మకు జబ్బు చేస్తే ప్రొద్దుటూరు డాక్టరు వచ్చేవాడు. అన్నిటికంటే ముఖ్యం, ప్లీడరు హబీబుల్లా వచ్చేవాడు. ఆకువక్క ఉన్నంతకాలం కొండయ్య ముద్దాయి ఉద్యోగి. అది లేకపోతే ఒట్టి ముద్దాయి. ప్లీడరు లేని ముద్దాయి ఎక్కడికి పోతాడో కొండయ్యకు బాగా తెలుసు.

కొండయ్యకు ఒక్కడే కొడుకు, ఓబులేసు. ప్రొద్దుటూరులో ఐటీఐ చదువుతూ హాస్టల్లో ఉంటాడు. వాణ్ణి చిన్నసుబ్బమ్మ ఇంతవరకూ రెడ్డిగారి గడప తొక్కనివ్వలేదు. "ఆ ఇంట్లో మనిషి కనపడితే పేరు రాసుకుంటారు," అంటుంది ఆమె. ఆడదాని మాటలని కొండయ్య పట్టించుకునేవాడు కాదు.

ఉగాది వచ్చింది. కువైట్ ప్రభుత్వం నుంచి సమాధానం రాలేదు. జీతగాళ్ళందరూ వరసగా నిలబడి ఆకువక్క పుచ్చుకున్నారు. కొండయ్య వంతు వచ్చినప్పుడు రెడ్డిగారి చెయ్యి పళ్ళెం దాకా పోయి ఆగింది. ఆయన పక్కనున్న అల్లుడి వైపు చూశారు.

అల్లుడి పేరు శశికాంత్. బెంగుళూరులో పెద్ద కంపెనీలో చేశాడు. అమెరికాలో ఎక్కువ జీతాలకు చేసే పనిని బెంగుళూరుకు తక్కువ జీతాలకు తెప్పించడం అతని పని. బాగా చేశాడని మెడల్ కూడా ఇచ్చారు. కిందటేడు ఆ కంపెనీ బెంగుళూరు పనిని ఫిలిప్పీన్స్‌కు పంపించేసింది, అల్లుడుగారు మామగారింటికి వచ్చేశారు. వచ్చినప్పటి నుంచి పార్టీని సంస్కరిస్తున్నారు.

"కొండయ్యగారూ, కూర్చోండి," అన్నాడు శశికాంత్ ల్యాప్‌టాప్ తెరుస్తూ.

పుట్టిన తర్వాత తనను ఎవరూ గారూ అనలేదు. కొండయ్య కుర్చీ వదిలి నేల మీద కూర్చున్నాడు.

"నెలకు ఎన్ని వాయిదాలు?"

"రెండు సార్."

"అక్కడ మీ పనేమిటి?"

"పేరు పిలిస్తే, ఉండా సార్ అంటా."

"అంతేనా?"

"చేతులు గూడ కట్టుకుంటా."

శశికాంత్ లెక్క చూసుకున్నాడు. "మూడు సెకన్లు మామా. నెలకు ఆరు సెకన్ల పనికి ఏడాది పొడుగునా ఒక కుటుంబాన్ని సాకుతున్నాం."

"మనోడు లేబ్బా," అన్నారు రెడ్డిగారు. ఆయన గుండె అంత మెత్తనిది.

"సెంటిమెంటు వేరు, కోర్ బిజినెస్ వేరు మామా. మన కోర్ బిజినెస్ రాజకీయం. ముద్దాయిలు నాన్‌కోర్. బయటికి ఇచ్చేద్దాం. ప్రొద్దుటూరు రోడ్డులో ఇటుకల బట్టీల దగ్గర ఒరిస్సావాళ్ళు ఉన్నారు. మేస్త్రీతో మాట్లాడాను. వాయిదా రోజు కూలి ఇస్తే చాలు. పండగలు లేవు, డాక్టర్లు లేరు."

డాక్టరు మాటకు రోగి తలూపినట్టు రెడ్డిగారు తలూపారు.

"సార్, కేసులో పేరు నాది గదా," అన్నాడు కొండయ్య.

"పేరు మీదే ఉంటుంది. మనిషి మారతాడు. బెంగుళూరులో మావాళ్ళు ఫోన్లో జాన్ అనీ మేరీ అనీ చెప్పేవాళ్ళు. అమెరికావాళ్ళకు ఏ ఇబ్బందీ రాలేదు. ఒక్క నెల మీరు పని నేర్పించండి. ఆ తర్వాత మీరు ఫ్రీ."

"ఫ్రీ అంటే సార్?"

"ఇంటికి పోవచ్చు."

"కేసు?"

"కేసు మీ పేరు మీదే ఉంటుంది. దానికేమీ ఢోకా లేదు," అని శశికాంత్ ధైర్యం చెప్పాడు.

రాళ్ళకుంటపల్లెలో రెడ్డిగారి ట్రాక్టర్ షెడ్డులో శిక్షణ మొదలైంది. కొండయ్య స్థానంలోకి మేస్త్రీ పంపినవాడి పేరు జగబంధు; శశికాంత్ అతని ముఖం చూడలేదు, పేరూ అడగలేదు. నలభై ఏళ్ళుంటాయి, సన్నగా, వేళ్ళ సందుల్లో ఎర్రమట్టితో ఉంటాడు. అరకొర తెలుగు మాట్లాడతాడు. ఎవరేమన్నా నవ్వుతాడు.

"కొండయ్యా!" అని కొండయ్య గట్టిగా పిలిచాడు.

"ఉండా సార్," అని నవ్వాడు జగబంధు.

"నగకూడదప్పా. ముద్దాయి నగితే జడ్జికి కోపమొస్తాది. ఏడ్చినా కోపమే. వానలో గొర్రె నిలబడినట్ల నిలబడల్ల. మీ నాయన పేరేంది?"

"దిబాకర్."

"కాదు. యల్లయ్య."

జగబంధు వేళ్ళ సందుల్లో మట్టి గీక్కున్నాడు. "మా నాయన చచ్చిపోయాడు."

"మా నాయన గూడ పోయినాడు. ఏం కాదులే."

కొండయ్య ఏదీ దాచుకోకుండా నేర్పాడు. సాక్షి వైపు చూడకూడదు. ప్లీడరు దగ్గితే తల దించుకోవాలి. బోనులో ఎడమ పక్క కొయ్య వదులుగా ఉంటుంది, దాని మీద ఆనకూడదు. పదిహేడేళ్ళ అనుభవమంతా నాలుగు వారాల్లో ఇంకొకడి చేతిలో పోస్తుంటే కొండయ్యకు బాధగానూ ఉంది, తన పనిలో ఇంత విద్య ఉందా అని గొప్పగానూ ఉంది.

కొండయ్య పక్కింటి సలీం షెడ్డు గోడ మీద కూర్చుని ఇదంతా చూశాడు. సలీం కువైట్‌లో క్లీనింగ్ కంపెనీలో పదకొండేళ్ళు చేసి, అకామా రెన్యువల్ కాక వచ్చేసినవాడు. దీక్షలో బాధితుడిగా కూర్చోవడానికి రెడ్డిగారు అతన్ని ముందే మాట్లాడి పెట్టుకున్నారు.

"నాకూ ఇట్లనే చెప్పినారు మామా. నెలరోజులు నేర్పిచ్చు, మంచోనివి అన్యారు. నేర్పిచ్చినా. కడాకు నా చీపురు గూడ వాని చేతికే ఇచ్చి వచ్చినా," అన్నాడు సలీం.

"అది పరాయి దేశం సలీమూ. వాళ్ళకు మనమేమైతాము? రెడ్డన్న అట్లాంటోడు కాదు. మొన్న పేపర్లో చదివింటివి గదా, ఆయప్ప ఎంత బాధపడినాడో."

సలీం చదివాడు. అందుకే గోడ దిగి వెళ్ళిపోయాడు.

చిన్నసుబ్బమ్మ మాత్రం ఊరుకోలేదు. "నీ పేరు పెట్టుకోని ఇంగొకడు కోర్టుకు పోతే, ఈడ కూడు తినేది ఎవురయ్యా?" అంది. కొండయ్య గొర్రెల దొడ్డి తలుపు తీసి బయటికి పోయాడు.

నెల తిరిగేసరికి బియ్యం ఆగిపోయాయి. మేత ఆగిపోయింది. కొండయ్య రెండేసి గొర్రెల్ని తోలుకుపోయి అమ్ముకొస్తున్నాడు. వాయిదా రోజు మాత్రం ఇంట్లో ఉండలేకపోయేవాడు. అలవాటు చొప్పున తెల్లపంచె కట్టుకుని, బస్సెక్కి కడపకు పోయి, కోర్టు ఎదురుగా టీ అంగడిలో కూర్చునేవాడు. బంట్రోతు వరండాలోకి వచ్చి "కొండయ్యా, కొండయ్యా, కొండయ్యా" అని మూడుసార్లు పిలిచేవాడు. ప్రతిసారీ కొండయ్య లేచి నిలబడేవాడు. లోపలినుంచి జగబంధు గొంతు వినిపించేది. "ఉండా సార్." చక్కగా, ఎక్కడా తడబడకుండా అనేవాడు. తనకంటే వాడే బాగా అంటున్నాడని కొండయ్యకు ఒకరోజు అనిపించింది. ఆ రోజు టీ తాగలేదు.

ప్లీడరు హబీబుల్లా నల్లకోటు దులుపుకుంటూ బయటికొస్తే కొండయ్య ఎదురుపోయి దండం పెట్టాడు.

"సార్, నా కేసు ఎట్లుండాది?"

"ఏ కేసప్పా?"

"ఆరో ముద్దాయి కొండయ్యను సార్."

"నా క్లయింటు కొండయ్య లోపలుండాడు గదప్పా," అని హబీబుల్లా వాచీ చూసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయన వృత్తిధర్మం తప్పని మనిషి.

ఈలోగా జిల్లాలో శాంతి నెలకొంది. జీపులో పోయిన ఇద్దరి తాలూకు నాయకుడూ, కుళ్ళాయిరెడ్డిగారూ ఒకే పార్టీలోకి వచ్చారు. ఇద్దరూ ఒకే కారులో కడపకు పోయి ఒకరికొకరు స్వీట్లు తినిపించుకున్నారు. ఫోటో అన్ని పేపర్లలో వచ్చింది. ఆ వారం నుంచి కోర్టులో సాక్షులకు మరుపు మొదలైంది. ఒకటో ముద్దాయి ఎవరో ఒక సాక్షికి గుర్తు లేదు. రెండో ముద్దాయిని ఇంకొకరు ఎప్పుడూ చూడలేదు. అయితే ఇద్దరు మనుషులు చచ్చిపోయారు కదా, బాంబులు వాటంతటవే పడవు కదా, లోకం ఏమనుకుంటుంది అని పెద్దమనుషులు ఆలోచించారు. ఒక సాక్షికి ఒక పేరు మాత్రం గుర్తుండటం మంచిదని అనుకున్నారు. ఏ పేరన్నది అప్పుడు బయటికి రాలేదు.

ఎండలు తగ్గాయి, వానలు పోయాయి, చలి కూడా సగం గడిచింది. కువైట్‌కు ఇచ్చిన గడువు దాటి పదినెలలైనా రెడ్డిగారు మాట మరవలేదు. ప్రొద్దుటూరులో పెద్ద షామియానా వేశారు. ఉదయం ఏడింటికి సంగటి, నాటుకోడి పులుసు ముగించుకుని ఆయన తొమ్మిదింటికి దీక్షలో కూర్చున్నారు. వెనక వరసలో సలీమూ మరో పన్నెండు మందీ మెడలో అట్టలు వేలాడదీసుకుని కూర్చున్నారు. సలీం అట్ట మీద 'నేను చేసిన తప్పేమి?' అని రాసి ఉంది. ఆ అట్ట రాయించింది అల్లుడుగారు.

సాయంత్రం నాలుగింటికి నిమ్మరసం తాగే ముందు రెడ్డిగారు మైకు అందుకున్నారు. మూడు టీవీ కెమెరాలు ముందుకొచ్చాయి.

"నేను ఉత్తమాటల మనిషిని కాదు. కువైట్‌వాడు చేసిన తప్పే నా ఇంట్లో జరిగిందని నాకు నిన్న తెలిసింది. నాకు నిద్ర పట్టలేదప్పా. నన్ను నమ్ముకున్న మనిషిని పక్కనబెట్టి, యాడనో ఉండే మనిషికి ఆ పనిచ్చినారు. ఇది నేను సహించను. స్థానికుల ఉద్యోగం స్థానికులకే. కొండయ్యా, రా అప్పా."

జనంలో చివర నిలబడ్డ కొండయ్యకు తనని పిలుస్తున్నారని అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. పదినెలలుగా ఆ పేరుతో పిలిస్తే ఇంకొకడు పలుకుతున్నాడు. సలీం వెనకనుంచి తోస్తే వేదికెక్కాడు. రెడ్డిగారు ఆకు, వక్క ఆయన చేతిలో పెట్టి, కెమెరాలకు కనిపించేటట్టు కాసేపు అలాగే పట్టుకున్నారు.

"ఏం ఉద్యోగం సార్ ఇతనిది?" అని ఒక టీవీ అమ్మాయి అడిగింది.

"మా న్యాయ విభాగంలో శానా సీనియర్," అన్నారు రెడ్డిగారు.

కొండయ్య ఏడ్చాడు. సిగ్గు విడిచి, పంచె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. కష్టకాలంలో యజమాని మరవలేదన్న సంతోషం అంతటిది.

"ఎప్పుడు చేరల్ల రెడ్డన్నా?"

"రేపే. పది గంటలకు."

మర్నాడు పొద్దున రెడ్డిగారి జీపు రాళ్ళకుంటపల్లెకు వచ్చింది. కొత్తపంచె, కొత్తచొక్కా తెచ్చింది. కొండయ్యను ముందుసీట్లో కూర్చోబెట్టారు. పదిహేడేళ్ళలో ఆయనెప్పుడూ ముందుసీట్లో కూర్చోలేదు. చిన్నసుబ్బమ్మకు ఆ ముందుసీటు మీద నమ్మకం కలగలేదు. బస్సెక్కి వెనకే పోయింది. దారిలో ప్రొద్దుటూరులో దిగి కొడుకును కూడా వెంటబెట్టుకుంది. ఓబులేసు వర్క్‌షాపులోంచి మసిబట్టలతోనే వచ్చాడు.

కోర్టు వరండాలో ప్లీడరు హబీబుల్లా కొండయ్య భుజం మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. "ఈ పొద్దు ఏం వాయిదా సారూ?" అని అడిగింది చిన్నసుబ్బమ్మ.

"మామూలేలేమ్మా," అన్నాడాయన.

సాక్ష్యాలు విన్న జడ్జిగారికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన కాగితాలన్నీ చదివి తీర్పు రాసుకొచ్చారు. బంట్రోతు మూడుసార్లు పిలిచాడు. కొండయ్య "ఉండా సార్" అన్నాడు. ఇన్ని నెలల విరామం తర్వాత కూడా గొంతు నిండుగా పలికింది. ఎడమ పక్క కొయ్య మీద ఆనకుండా, వానలో గొర్రెలా నిలబడ్డాడు.

ఒకటి నుంచి అయిదు దాకా ముద్దాయిల మీద సాక్ష్యం లేనందున విడుదల. ఆరో ముద్దాయి, యల్లయ్య కొడుకు కొండయ్య బాంబు విసరడం తన కళ్ళతో చూశానని ఒక సాక్షి చెప్పినందున, నేరం రుజువైంది.

"శిక్ష గురించి చెప్పుకునేదేమైనా ఉందా?" అని అడిగారు జడ్జిగారు.

కొండయ్య హబీబుల్లా వైపు చూశాడు. హబీబుల్లా దగ్గాడు. దగ్గితే తల దించుకోవాలి. కొండయ్య దించుకోలేదు.

"ఆ పొద్దు నేను మఠంలో గుండు గీయించుకుంటాండా సార్," అన్నాడు.

"ఇన్నేళ్ళూ ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"ఎవురూ అడగల్యా సార్. పేరొక్కటే అడిగినారు."

జడ్జిగారు కాగితాలు తిరగేశారు. కాగితాల్లో మఠం లేదు, గుండు లేదు. యావజ్జీవం అని చదివారు.

ఓబులేసు తల్లి మోచెయ్యి పట్టుకుని కోర్టు బయటికి నడిపించుకొచ్చాడు. టీ అంగడి ముందు చింతచెట్టు కింద జగబంధు, ఇంకో కేసు వాయిదాకు వచ్చిన నలుగురు బట్టీ మనుషులతో కూర్చుని బన్ను తింటున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. ఈసారి నవ్వలేదు.

"నువ్వెందుకు లోపలికి పోలేదప్పా?" అని అడిగింది ఆమె.

"మేస్త్రీ ఒప్పుకోలేదు అమ్మా. మాకు వాయిదాలు వరకే. శిక్ష అంటే రేటు వేరే అన్నాడు. అల్లుడుసారు అంత ఎక్కువ ఇవ్వను, ఇక్కడివాడే చవక అన్నాడు."

అంతలో రెడ్డిగారి కారు వచ్చి ఆగింది. విడుదలైన అయిదుగురికీ దండలు వేసి, ఆయన చిన్నసుబ్బమ్మ దగ్గరికి నడిచి వచ్చారు. కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. "ధైర్యంగుండు సుబ్బమ్మా. మనవాళ్ళు కువైట్‌లో ఏడాదేడాదికి అకామా కోసం ఏడుస్తాండారు. కొండయ్యకు ఇంక ఆ బాధ లేదు," అన్నారు. ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఆ చూపు పడలేక కాబోలు, ఆయన టీవీవాళ్ళు పిలుస్తున్నారని వెళ్ళిపోయారు.

శశికాంత్ ఉండిపోయాడు. కారు బానెట్ మీద ల్యాప్‌టాప్ పెట్టి తెరిచాడు.

"మీ కుటుంబానికి పార్టీ అన్యాయం చెయ్యదమ్మా. ఆరో పోస్టు ఖాళీ అయింది. మీ ఇంట్లో మగవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

"ఎవురూ లేరు సార్," అంది చిన్నసుబ్బమ్మ.

"మరి ఇతను?"

తన మోచెయ్యి పట్టుకుని నిలబడ్డ కొడుకు చేతిని ఆమె మెల్లగా విడిపించుకుంది. వాణ్ణి బట్టీ మనుషుల వైపు ఒక అడుగు నెట్టింది.

"నేనెరగను సార్. బట్టీ మనిషి. ఒరిస్సా అంట."

శశికాంత్ వాడి మసిబట్టలు చూశాడు, వాడి పక్కనున్న నలుగురినీ చూశాడు. "నీ పేరేమిటి?" అని అడిగాడు.

జగబంధు బన్ను నమలడం ఆపాడు. ఓబులేసు తల్లి వైపు చూడకుండా, నేలను చూస్తూ అన్నాడు:

"జగబంధు సార్."